పెట్రోలుతో ఎగిరే చిన్న విమానాలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నావంటే విమానాలు ఎగరేస్తున్నానంటాను, నవ్వుతారు. రేడియోతో నడిపే నమూనా విమానాలండీ. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు, రోడ్డు మర్రిచెట్లకు దూరంగా, యజమాని దయతో ఇచ్చిన బీడు పొలంలో మా ఆదివారాలు గడుస్తాయి.

మొదట నాది గ్లో ఇంజను. దాని ఇంధనం మిథనాలు, నైట్రోమీథేను, ఆముదం కలిపినది. ఎగిరి దిగితే ఒళ్లంతా జిడ్డే. మా ఆవిడ పాత చీరలన్నీ దానికే ఖర్చు. మిథనాలులో వేడిమి పెట్రోలులో సగానికి మించదు, కనుక తాగుడెక్కువ. పెన్షను లెక్కకు పొసగక 20 సీసీ పెట్రోలు ఇంజనుకు మారాను. ఇంత చిన్నవి రాకముందు పెట్రోలు పెద్ద విమానాలకే. అదే సైజు గ్లో కన్నా పవరు కొంచెం తక్కువ, స్పార్కు సరంజామా బరువు అదనం. ముప్పై, నలభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు. మన పాత బజాజ్ స్కూటర్‌కు బంకులో కలిపించుకున్నట్టే.

కానీ తెలివితక్కువగా పాత సిలికాన్ గొట్టాన్నే ఉంచేశాను. పెట్రోలు తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. రెండో నెలలో గొట్టం జారి, గాలిలోనే ఇంజను ఆగింది. పక్క చేలో ఆడవాళ్లు టమాటాలు కోస్తున్నారు. విమానం అయిదు కిలోలు. వేగం చావకుండా ముక్కు కిందికి వంచి తిప్పాను. వాళ్లకు ఇరవై అడుగుల దూరంలో గట్టుకు కొట్టుకుంది. ఒకామె కొడవలి పట్టుకునే వచ్చి, "ఇంత పెద్దమనిషివి, మా పానాల మీదికి గీ ఆటేంది సారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

గొట్టం, ట్యాంకు బిరడా పెట్రోలుకు తట్టుకునేవే వేశాను. స్పార్కు రొద రేడియోను చెడగొట్టకుండా ఇగ్నిషన్ పెట్టెను రిసీవరుకు అడుగు దూరం జరిపాను. నేలమీద నుంచే ఇంజను ఆపే స్విచ్చి పెట్టాను. ఫ్యాను చేత్తో తిప్పడం మానేశాను. వేళ్లు మళ్లీ రావు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు, అది తేమ పీలుస్తుంది. అందుకని ట్యాంకు ఖాళీ చేశాకే ఇంటికి వస్తాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులే హద్దు. నా కళ్లకైతే అదే ఎక్కువ.

చూడదలచినవారు ఆదివారం ఏడింటికల్లా రండి. తొమ్మిదికి కూలీలు చేలోకి దిగుతారు, ఆలోగానే నేను విమానం దించేస్తాను.