పిల్లవాడు ఎదిగేదాకా పెత్తనం ఎవరిది?

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు రాజుల సంగతి చెబుతాను. వారసుడు పసివాడైనా, శత్రువు చెరలో ఉన్నా సింహాసనం ఖాళీగా ఉండకూడదు. అతని పేరున మరొకరు పాలించాలి. యాదవులతో యుద్ధంలో కాకతీయ మహాదేవుడు చనిపోయాడు, కొడుకు గణపతిదేవుడు చెరపడ్డాడు. అప్పుడు సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని నిలబెట్టాడు. 1199లో గణపతిదేవుడు రాజయ్యాడు. కాపాడినవాడు తిరిగి అప్పగించాడు. అసలు విషయం అదే.

గణపతిదేవునికి కొడుకులు లేరు. తాను బతికుండగానే కూతురు రుద్రమను పాలనలో భాగస్వామిని చేశాడు. ఆమె గోదావరికి అవతలి నిడదవోలు చాళుక్యుల కోడలు. శాసనాల్లో మాత్రం 'రుద్రదేవ మహారాజు'! అధికారం చేతికొచ్చినా మగపేరు పెట్టుకోవలసి వచ్చింది. మార్కోపోలో అయితే ఆమెను రాజుగారి వితంతువనే రాశాడు. కూతురు వారసురాలవుతుందని తోచలేదు కాబోలు.

1804లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ రెగ్యులేషన్ చూడండి. మైనర్ల ఎస్టేట్లతోపాటు, సమర్థులు కారని తేల్చిన స్త్రీల ఎస్టేట్లూ సర్కారు అజమాయిషీలోకి పోయేవి. పసివాడూ, ఎదిగిన ఆడమనిషీ ఒకే జాబితాలో!

రాజ్యాలు పోయాయి, ఎస్టేట్లు పోయాయి. మన కొబ్బరితోటలు ఉన్నాయి. భర్త పోగానే మరిది వచ్చి, "పిల్లాడు ఎదిగేదాకా నేను చూసుకుంటాలే వదినా" అంటాడు. దింపు డబ్బులు అతని చేతికే పోతాయి. లెక్క అడిగితే కోపం. ఇక్కడ రాజప్రతినిధిని ఎవరు నియమించారు? ఏ కాగితం మీద?

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే భర్త ఆస్తిలో భార్యకు, ప్రతి బిడ్డకు, అత్తగారికి సమాన వాటాలు. కూతురూ బిడ్డే. అదే ఏటి సంరక్షకత్వ చట్టం తండ్రి సహజ సంరక్షకుడనీ, 'అతని తరువాత' తల్లి అనీ అంది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, 'తరువాత' అంటే చనిపోయాక మాత్రమే కాదు, తండ్రి అందుబాటులో లేనప్పుడు కూడా అని చెప్పింది. భర్త గల్ఫులో ఉండి పిల్లల సంగతి పట్టించుకోని ఇళ్లకు ఇది పనికొచ్చే తీర్పు.

రెండు జాగ్రత్తలు. పంపకం కాని ఉమ్మడి ఆస్తికి ఈ సంరక్షకత్వం వర్తించదు. మరిది పెత్తనం అక్కడే నిలుస్తుంది. కనుక పంపకం అడగాలి. రెండోది, కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా మైనరు భూమి అమ్మకూడదు. క్రైస్తవ, ముస్లిం కుటుంబాల వారసత్వ చట్టాలు వేరు. సంరక్షకత్వం కోసం వారు 1890 నాటి చట్టం కింద కోర్టును అడగవచ్చు.

'ఎదిగేదాకా' అన్న మాటకు చట్టంలో గడువుంది: పద్దెనిమిదేళ్లు. కనుక మన దగ్గరకు వచ్చిన ప్రతి చెల్లెలి చేత మూడు ప్రశ్నలు అడిగిద్దాం. పెత్తనం ఏ హక్కుతో? లెక్క ఎక్కడ? అప్పగింత ఎప్పుడు?