చిన్న వృత్తులవారికి సహాయ కేంద్రము — నగరపాలక సంస్థ నడుగవలసిన తీరు

(సోలాపురమున మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సమావేశమునందు సంఘ కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు విద్యను గూర్చి ముచ్చటించుట మన ఆచారము. ఈ యేడు మేము వ్యాపారమును గూర్చి మాటలాడ నిలిచినందులకు మీలో కొందరు ఆశ్చర్యపడుచుండవచ్చును. కారణము బడి హాజరు పట్టీలోనే యున్నది. పిల్లలు బడి మానిన దినములకు ఉపాధ్యాయులు కారణమడుగగా, జ్వరమనియో చుట్టాల పెండ్లియనియో చెప్పువారితోబాటు, "నాయనతో బ్యాంకునకు పోయితిని", "అమ్మకు వచ్చిన కాగితము చదివి పెట్టితిని" అని చెప్పువారును కనబడుచున్నారు. తండ్రికి మరాఠీ మాటలాడుట చక్కగా వచ్చును. కాని కార్యాలయపు మరాఠీ వేరు, కంప్యూటరు తెరపై నుండు ఇంగ్లీషు వేరు. అందుచేత ఎనిమిదవ తరగతి పిల్లవాడే ఇంటికి గుమాస్తాయు, దుబాసీయు, ఒక్కొక్కపుడు ప్లీడరును అగుచున్నాడు. వాని తెలివికి మేము సంతోషించుచున్నాము. వాని పాఠము పోవుచున్నందులకు మాత్రము సంతోషింపలేము.

మన పెద్దలలో పలువురు నాటి హైదరాబాదు సంస్థానపు తెలంగాణా జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని ఈ యూరికి వచ్చిరి. 1877లో నెలకొల్పబడిన పాత మిల్లు, దాని వెంట వచ్చిన తక్కిన మిల్లులు ఎందరికో అన్నము పెట్టినవి. అవి యొకటొకటిగా మూతపడినవి. నెల జీతమునకు పోవు కార్మికుని కుమారుడు నాలుగు మరమగ్గములు పెట్టుకొని తానే యజమాని యయ్యెను. యజమాని యనిపించుకొనుట గౌరవమే. అయితే మిల్లులో నున్నపుడు లెక్కలు వ్రాయువాడొకడు, సరుకమ్మువాడొకడు, కోర్టు కాగితము చూచువాడొకడు వేరుగా నుండిరి. నేడు పడుగు పేకలు సరిచూచుట మొదలు జి.ఎస్.టి. లెక్క దాఖలు చేయుట వరకు ఆ పనులన్నియు నొక్క మనిషి నెత్తిపై పడినవి. బీడీలు చుట్టుచునే మిగిలిన వేళ కుట్టుమిషను త్రొక్కుచు, అప్పడములు చేసి యమ్ముచు సంసారము నడపుచున్న మన తల్లుల సంగతి వేరుగా చెప్పనక్కర లేదు.

ఇట్టివారికొక సహాయ కేంద్రము కావలెనని, దానికి నగరపాలక సంస్థ ధనసహాయము చేయవలెనని అర్జీ పెట్టుటకు మేము తలపెట్టితిమి. కేంద్రమనగానే పెద్ద భవనమును ఊహింపకుడు. ఒక గది, అందులో కాగితము చదువనేర్చిన యిద్దరు మనుష్యులు, ఒక కంప్యూటరు. మరాఠీలోను తెలుగులోను కన్నడములోను ఉర్దూలోను ఓపికగా జవాబు చెప్పెడి నోరు. మేము కోరునదింతే.

అచ్చట జరుగవలసిన పని ఎట్టిదో ఒక్క ఉదాహరణమును కొంచెము విస్తరించి చెప్పెదము. తువ్వాళ్లు నేసి వ్యాపారికి పంపిన నేతగాడు డబ్బునకై ఎన్ని నెలలు తిరుగవలసివచ్చునో మీకు మేము చెప్పవలసినది లేదు. ఆరు నెలలైన పిమ్మట సగము ముట్టినను అదృష్టమే యనుకొను వాడుక మనలో పాతుకొనిపోయినది. కాని 2006లో చేసిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము వేరు మాట చెప్పుచున్నది. సరుకు పుచ్చుకొన్నవాడు ఒప్పుకొన్న గడువులోగా సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువు ఎంత వ్రాసికొన్నను 45 దినములు మించరాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందమే లేనిచో 15 దినములే. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్లు వడ్డీ, అదియు నెలనెలకు చక్రవడ్డీ లెక్కన, బాకీదారు ఇచ్చుకొనవలెను. ఇయ్యనిచో విచారించుటకు రాష్ట్రములలో ప్రత్యేక మండలులున్నవి. ఇంత బలమైన ఆయుధము చట్టములో నుండగా, మనవారు సేటుగారి గుమ్మము ముందు చెప్పులు విడిచి నిలుచుచున్నారు.

ఎందుచేత? ఆ రక్షణ కోరువాడు సరుకు పంపుటకు ముందే ఉద్యమ్ నమోదు చేసికొని యుండవలెను. ఈ నమోదు 2020 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీనికి రుసుము లేదు. అయినను దళారికి డబ్బిచ్చి చేయించుకొన్నవారు మనలో నున్నారు. చేయించుకొని కాగితము ఎచ్చట పెట్టితిమో మరచినవారును ఉన్నారు. 2024-25 అంచనా సంవత్సరమునుండి ఆదాయపు పన్ను లెక్కలలో మరియొక నిబంధన వచ్చినది. చిన్న ఉత్పత్తిదారునికి గడువులోగా చెల్లింపని బాకీని, చెల్లించిన సంవత్సరమున గాని వ్యాపారి తన ఖర్చులో చూపుకొనుటకు వీలులేదు. మంచి నిబంధనమే. అయితే దాని పిమ్మట, నమోదు లేనివాని సరుకే మాకు చాలునని కొందరు వ్యాపారులు చెప్పుచున్నట్లు వినుచున్నాము. ఇట్టిచోట నేతగాడు ఏమి చేయవలెను? నమోదు మానుకొనవలెనా, వ్యాపారిని మార్చుకొనవలెనా, పదిమందితో కలిసి అందరును నమోదైన పిమ్మటనే మాటలాడవలెనా? మూడవది మేలని మా అభిప్రాయము. కాని ఇది పుస్తకము చూచి ఇంటిలో కూర్చుండి తేల్చుకొను విషయము కాదు. తెలిసినవాడు ప్రక్కన కూర్చుండి ఖాతా చూచి చెప్పవలెను.

సోలాపురీ చద్దరునకును తువ్వాలునకును భౌగోళిక గుర్తింపు వచ్చి చాలకాలమైనది. చద్దరు గుర్తింపు దేశములోని తొలి గుర్తింపులలోనిది. పేరు ఊరిదే గాని, ఆ గుర్తును సరుకుపై వేసికొనదలచిన ఉత్పత్తిదారుడు అధికృత వినియోగదారుగా వేరుగా నమోదు కావలెను. అది చేయనివారు పెక్కురు. ఈలోగా అన్యప్రాంతముల సరుకు మన పేరుతో సంతలలో చెల్లుబడి యగుచున్నది. ఇక 2023లో వచ్చిన విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులకు చోటున్నది. దర్జీ యున్నాడు, మగ్గపు నేతగాడు లేడు. ఇది తెలియక నేతగాండ్రు వరుసలో నిలిచి వట్టిచేతులతో మరలుదురు. తెలియకనే మన దర్జీలు వరుసలో నిలువకుందురు.

సలహా లేనిచో పోవునది డబ్బు మాత్రమే కాదు. 2025 మే నెలలో అక్కలకోట రోడ్డు పారిశ్రామిక వాడలోని ఒక తువ్వాళ్ల కార్ఖానాలో అగ్నిప్రమాదము జరిగి ఎనిమిదిమంది మరణించిరి. నూలు దుమ్ము, పాత విద్యుత్తు తీగలు, ఒక్కటే ద్వారము గల గదులు మనలో నెందరి యిండ్లలో లేవు? ఇల్లే కార్ఖానా యైనచోట ఆ ప్రక్కనే పిల్లలు పడుకొందురు. అగ్నిమాపక శాఖవారిని పిలిపించి గదులు చూపించి, ఏ మార్పునకు ఎంత ఖర్చగునో చెప్పించుట సహాయ కేంద్రము మొదటి నెలలోనే చేయదగిన పని.

"ఇది సర్కారు పని గదా, నగరపాలక సంస్థ నడుగుటయేమి?" అని కొందరు పెద్దలు ప్రశ్నించిరి. జిల్లా పరిశ్రమల కేంద్రములు 1978నుండి ఉన్నమాట నిజమే. అవి జిల్లాకొక్కటి. మన వీధి మనిషికి కావలసినది దారికొక్కటి. 1992నాటి 74వ రాజ్యాంగ సవరణము చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో, పురపాలక సంస్థల కప్పగింపదగిన పదునెనిమిది అంశములలో ఆర్థిక సామాజికాభివృద్ధి ప్రణాళిక మూడవదిగా నున్నది. పట్టణ దారిద్ర్య నిర్మూలనము కూడ నందులోనే యున్నది. 1949నాటి నగరపాలక సంస్థల చట్టమున 63వ సెక్షను సంస్థ విధిగా చేయవలసిన పనులను, 66వ సెక్షను తన యిష్టముపై చేయదగిన పనులను చెప్పుచున్నది. మన కోరిక ఈ రెండవ జాతికి చెందినది. కావున "మా హక్కు, ఇచ్చి తీరవలెను" అని గద్దించుటకు వీలులేదు. "మీకిది చేయు అధికారము కలదు, చేసినచో ఊరికి లాభము" అని లెక్కలతో ఒప్పింపవలెను. నీరు, మురుగుకాలువలు, వీధిదీపములు ముందు; తరువాత మనము. ఈ వరుసను ఒప్పుకొన్నవాని మాటకే సభలో విలువ యుండును.

అర్జీకి వేళ కూడ నుండును. ఆర్థిక సంవత్సరము ఏప్రిలు 1న మొదలగును. కమిషనరుగారి ఆయవ్యయ అంచనా అంతకుముందే స్థాయీ సమితికి, అచ్చటనుండి సర్వసభకు పోవును. ఫిబ్రవరిలో అర్జీ పట్టుకొని పోవుట పెండ్లి భోజనములైన పిమ్మట శుభలేఖ పంచినట్లుండును. దీపావళి వెళ్లినంతనే మన కాగితములు లోపల పడవలెను. కుట్టుపని, అప్పడముల వంటి స్త్రీల వృత్తులకు సంబంధించిన భాగమును వేరు చేసి మహిళా బాలకల్యాణ సమితికి పంపుట మంచిది.

ఇంకొక చిక్కు కలదు. నగరపాలక సంస్థ ధనము నగరపు ఎల్ల దాటదు. మన బీడీ కార్మికులలో పలువురు నివసించుచున్న కుంభారి దక్షిణ సోలాపురము తాలూకాలోనిది, నగరమునకు వెలుపల నున్నది. వారిని విడిచి కేంద్రము పెట్టుట మాకు సమ్మతము కాదు. అందుచేత జిల్లా ప్రణాళికా సమితికి వేరొక అర్జీ పెట్టి, అక్కలకోట, బార్శీ, మోహోళ్ మొదలైన తాలూకాలకు నెలకొకమారు మనిషిని పంపు ఖర్చును అచ్చటనుండి కోరెదము. ఒక్క గది, రెండు ఖాతాలు. శ్రమయే, కాని తప్పదు. కుంభారిలోనివారు ఈ విషయమున మనకంటె అనుభవము గలవారు. సహకార సంఘముగా నేర్పడి, ఏండ్ల తరబడి విడువక అడిగి, 2006లో పదివేలకు పైగా ఇండ్లు సాధించిరి. 2024 జనవరిలో రాయనగరమున మరి 15,000 ఇండ్లు అప్పగింపబడినవి.

ఇపుడు మన కార్యవర్గములోనే వాగ్వాదమునకు కారణమైన సంగతి చెప్పవలసియున్నది. "ఈ కేంద్రము తెలుగువారిదిగా నుండవలెను, పేరు కూడ తెలుగు పేరే పెట్టవలెను" అని కొందరనిరి. వారి అభిమానమును మేము గౌరవించుచున్నాము. రాజ్యాంగపు 30వ అధికరణము మన బడిని మనము నడుపుకొనుటకు హక్కిచ్చినది. 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయుడని రాష్ట్రములకును స్థానిక సంస్థలకును చెప్పినది. ఆ అధికరణములు బడికి కవచములు. వ్యాపార కేంద్రమునకు వాటిని తొడుగబోయినచో సరిపోవు. అన్ని వీధుల పన్నుతో నిండిన బొక్కసమునుండి ఒక్క భాషవారికి గది యడిగినచో, సభలో మొదటి ప్రశ్నకే మన అర్జీ కూలిపోవును. అంతకంటె ముఖ్యము, అది న్యాయము కాదు. మన మగ్గముల ప్రక్కనే కన్నడము మాటలాడువారు, ఉర్దూ మాటలాడువారు, మరాఠీ సోదరులు అదే నూలుకు అదే ధర పెట్టుచు, అదే బాకీకై అదే గుమ్మము తొక్కుచున్నారు. తలుపు అందరికిని తెరచి, లోపల తెలుగు తెలిసిన మనిషి యొకడుండుట మనకు చాలును. వాగ్వాదము రెండు సమావేశములు సాగి, ఈ తీర్మానమే నెగ్గినది.

బడి గదిని దీనికి వాడుకొందమనిన సూచనను మేము అంగీకరింపలేదు. బడి ధనమునకును గదులకును లెక్క వేరు, తనిఖీ వేరు. పిల్లవానిని వ్యాపారపు కాగితమునుండి విడిపించుటకు పూనుకొని, ఆ కాగితమును వాని బల్లమీదికే తెచ్చుట యెట్లు?

ఖర్చు మాట. నగరపాలక సంస్థకు చెందిన ఖాళీ గది యొకటి అద్దె లేకుండ ఇమ్మని కోరెదము. ముఖ్య సహాయకునికి నెలకు 28,000 రూపాయలు, రెండవవానికి 17,000. వెరసి ఏడాదికి 5,40,000. వారమున కొకమారు వచ్చి లెక్కలు చూచు ఆడిటరునకు వారమునకు 2,000 చొప్పున 1,04,000. విద్యుత్తు, ఇంటర్నెట్టు, కాగితములకు 56,000. మొత్తము ఏడు లక్షలు. ఇందులో లక్ష మన సంఘము చందాలవలన సమకూర్చును. ఆరు లక్షలు సంస్థ నడుగుదుము. మూడేండ్లకు మాత్రమే యడుగుదుము. ప్రతి నెలయు ఎందరు వచ్చిరి, ఎన్ని నమోదులైనవి, ఎంత బాకీ వసూలైనది గోడపై అంటించి, ఏటికొకమారు సర్వసభకు నివేదింతుము. లెక్క చూపనివానికి రెండవ యేడు ఇయ్యకుండుటయే ధర్మము. ఈ మాటను మన అర్జీలోనే వ్రాసితిమి.

తల్లిదండ్రులారా! మీవలన కావలసినవి రెండు. మీ వృత్తి, మగ్గముల లేక మిషనుల సంఖ్య, నమోదు కలదా లేదా, రావలసిన బాకీ ఎన్నాళ్లనుండి నిలిచినది, కాగితముల పనికై పిల్లలు గత సంవత్సరమున ఎన్ని దినములు బడి మానిరి, ఈ అయిదు సంగతులకు ఒక పత్రము అచ్చు వేయించితిమి. బాకీదారు పేరు వ్రాయనక్కర లేదు, ఎవరికిని చూపము. రెండవది సంతకము. ఇరుగుపొరుగున నున్న తక్కిన భాషలవారిచేతను చేయింపుడు. వ్రాయలేనివారికి పదవ తరగతి విద్యార్థులు సాయము చేయుదురు, ఈ ఒక్క ఆదివారము మాత్రమే. పత్రములు ప్రధానోపాధ్యాయులవారి గది వెలుపలి బల్లపై నున్నవి. ఫలహారములైన పిమ్మట పుచ్చుకొని పోగోరుచున్నాము.