పేరు మారిస్తే మార్కులు మారవు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒక్క విషయమే చెబుతాను. ఇవాళ చాలామంది పిల్లలు పదకొండో తరగతిలోనే పైథాన్ నేర్చుకుంటున్నారు. గైడో వాన్ రోసమ్ 1991లో తొలిసారి విడుదల చేసిన భాష ఇది. పైథాన్ అన్నది పామును చూసి పెట్టిన పేరు అనుకుంటాం గానీ, బి.బి.సి.లో వచ్చిన మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమం నుంచి తీసుకున్నారు. చదవడానికి సులువైన భాష. ఆ సులువులోనే ఒక మెలిక ఉంది.

తరగతిలో అందరికీ 5 మార్కులు కలపాలనుకుందాం. ఇందుకు లూప్ వాడతాం. మాస్టారు హాజరు పట్టీ పట్టుకుని ఒక్కొక్కరినే పిలిచినట్టు, లూప్ లిస్ట్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా మన ముందుకు తెస్తుంది.

లిస్ట్‌లో 60, 72, 32 అనే అంకెలు మాత్రమే ఉన్నాయి. లూప్‌లో ‘అంకె = అంకె + 5’ అని రాశాం. పైథాన్ 3లో పేర్లు ఇలా తెలుగులోనూ పెట్టుకోవచ్చు. ప్రోగ్రామ్ నడిచింది, తప్పు చూపలేదు. తీరా చూస్తే లిస్ట్‌లో పాత అంకెలే ఉన్నాయి! ఎందుకంటే ‘అంకె’ అన్నది ఒక చీటీ. 60 మీద ఉన్న చీటీని తీసి 65 మీద అంటించాం. లిస్ట్ మాత్రం ఇంకా 60నే పట్టుకుని ఉంది.

ఇప్పుడు ప్రతి విద్యార్థినీ ఒక ఆబ్జెక్ట్‌గా రాద్దాం. పేరు, మార్కులు దాని ఆట్రిబ్యూట్లు. లూప్‌లో ‘విద్యార్థి.మార్కులు = విద్యార్థి.మార్కులు + 5’ అని రాస్తే అందరి మార్కులూ నిజంగానే మారతాయి. మధ్యలో ఉన్న ఆ చుక్కే కీలకం. చీటీ ఉన్నచోటే ఉంటుంది, చుక్క మాత్రం లోపలికి వెళ్లి ఆ విద్యార్థి మార్కులనే మారుస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అదే లూప్ పొరపాటున రెండోసారి నడిస్తే 5 బదులు 10 కలుస్తాయి. ‘ముందే లిస్ట్‌కి కాపీ తీసి పెట్టాం కదా’ అంటారు. మామూలు కాపీతో వచ్చేది రెండో హాజరు పట్టీ. పట్టీలు రెండైనా పిల్లలు వాళ్లే. పాత పట్టీ తెరిచినా 60 ఉండదు, 65 ఉంటుంది. పిల్లల వివరాలకు కూడా విడిగా నకలు కావాలంటే పైథాన్‌లో ‘డీప్‌కాపీ’ వాడాలి.

అంతకన్నా మంచి పద్ధతి మన బడి రిజిస్టర్లలోనే ఉంది. దిద్దుబాటు వస్తే పాత అంకెను రబ్బరుతో చెరపరు. అది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్తది వేసి, పొట్టి సంతకం పెడతారు. ప్రోగ్రామ్‌లోనూ అసలు మార్కుల జోలికి పోకుండా ‘తుది_మార్కులు’ అనే మరో ఆట్రిబ్యూట్ పెట్టండి. అసలు మార్కులకు 5 కలిపి అందులో వేయండి. అప్పుడు లూప్ పదిసార్లు నడిచినా 65 అలాగే ఉంటుంది.

ఇదంతా చాదస్తం అనుకోకండి. 32 వచ్చిన పిల్లవాడు 37తో గట్టెక్కుతాడు. రేపు ఎవరైనా ‘అసలు ఎంత వచ్చింది?’ అని అడిగితే చూపించగలగాలి. లూప్ రెండుసార్లు నడిచి 25 వచ్చినవాడు కూడా 35తో పాసైతే, తర్వాత ఆ ఫలితం వెనక్కి తీసుకున్నప్పుడు ఏడ్చేది ఆ పిల్లవాడే.

మార్కుల జాబితాలు కంప్యూటర్‌లో తయారుచేసే ఉపాధ్యాయులకు, నేర్చుకుంటున్న పిల్లలకు నా మనవి ఒక్కటే. తరగతి మొత్తం మీద నడిపే ముందు ఇద్దరి పేర్లతో నడిపి చూడండి. లూప్‌కి ముందు, తర్వాత మార్కులు ప్రింట్ చేయండి. మారాల్సింది మారిందా, మారకూడనిది నిలిచిందా అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరికాకే ముందుకు వెళ్లండి.