బాబాయ్ డాబా ఎక్కిన రాత్రి

ఇవాళ ఎపిసోడ్ మా జి.కొండూరు నుంచే. పొద్దున్నుంచి మూడుసార్లు రికార్డ్ చేసి డిలీట్ కొట్టాను, ఎందుకంటే ఇది మా ఇంటి విషయం.

మా బాబాయికి చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. మందులు వేసుకుంటే మామూలుగానే ఉంటాడు, పొలం చూసుకుంటాడు. ఓ వేసవిలో మందులు మానేశాడు. ఒక రాత్రి కొడవలి పట్టుకుని డాబా ఎక్కేశాడు. "ఎవడొచ్చినా నరుకుతా" అని ఒకటే కేకలు. పిన్ని కింద ఏడుస్తోంది. వీధంతా పోగైంది. ఓ పాతిక ఫోన్లు పైకి లేచాయి, లైట్లు వేసి మరీ. అందులో ఒకటి నాది.

112కి కొట్టాం. ఇద్దరు పోలీసులొచ్చారు. లాఠీలు చూడగానే బాబాయ్ ఇంకా రెచ్చిపోయాడు. కుర్ర కానిస్టేబుల్ మెట్లెక్కబోతే పెద్దాయన ఆపాడు. "ముందు జనాన్ని పంపండయ్యా, ఆ లైట్లు తీయండి" అన్నాడు. టోపీ, లాఠీ అరుగు మీద పెట్టి కింద నుంచే "ఏం తమ్ముడూ, మంచినీళ్లు తాగుతావా?" అని అడిగాడు. గంటన్నర పట్టింది. కొడవలి బాబాయే కింద పడేశాడు. బెజవాడ పెద్దాసుపత్రికి జీపులో కాకుండా 108లో తీసుకెళ్లాం.

ఆ పెద్దాయనకి ఓపిక ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే? 2020 మేలో విశాఖలో డాక్టర్ సుధాకర్ గారిని రోడ్డు మీద చేతులు వెనక్కి కట్టేసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. రాజకీయం పక్కన పెట్టేద్దాం. ఒక మనిషి మనసు ఎలా ఉందో నడిరోడ్డు మీద తేల్చాల్సింది పోలీసు కాదు, అంతే నేను చెప్పేది.

చట్టం ఏమంటోంది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 100. అలాంటి మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి, 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. బాగుంది కదా. కానీ అర్ధరాత్రి డాబా కింద పోలీసు పక్కన ఎవరు నిలబడాలి? అది మాత్రం అందులో లేదు.

అమెరికాలో యూజీన్ అనే ఊళ్లో 1989లో కాహూట్స్ అని మొదలుపెట్టారు. ఇలాంటి కాల్ వస్తే ఒక వైద్య సహాయకుడు, సంక్షోభంలో ఉన్నవాళ్లతో మాట్లాడటం తెలిసిన ఒక మనిషి కలిసి వ్యాన్‌లో వెళ్లేవారు. తుపాకులు ఉండవు. అదీ 2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్లో ఆగిపోయింది. అక్కడే నిలబడనిది మన మండలానికి వ్యాన్ వస్తుందని నేను అనుకోను.

మనకి ఉన్నది 14416. టెలిమానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. వాళ్లు మన ఇంటికి రాలేరు. కానీ ఇలాంటి కాల్‌కి వెళ్లేటప్పుడు పోలీసులు ఆ కౌన్సెలర్‌ని లైన్లో పెట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్‌తో వెళ్లొచ్చు కదా? ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో చెప్పే మనిషి ఒకరు ఉంటారు. దీనికి వ్యాన్ అక్కర్లేదు. ఆ రాత్రి మాలో ఒక్కరికీ ఆ నంబర్ తెలీదు. తెలిసినా, చేతిలో ఫోన్‌తో మేం వీడియో తీస్తున్నాం.

ఆ వీడియో తెల్లారేసరికి మైలవరం దాకా వెళ్లిపోయింది. నాది డిలీట్ చేశాను, మిగతావి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. బాబాయ్ ఇంటికొచ్చాక టీ తాగుతూ అడిగాడు, "నువ్వూ తీశావంట్రా?" అని.

తీశాను బాబాయ్ అన్నాను.