కరక్కాయ

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

మలేషియా గడ్డ మీద మేము మూడవ తరము వారము. వృత్తి బడిపంతులు పని. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినాము గాని, అక్షరములు మాత్రము యాభై యేళ్ళు దాటిన తరువాత సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాము. మాటలో తప్పులుంటే మన్నించండి. చెప్పదలచినది గుడ్డలకు చెట్ల రంగులు వేయుటను గురించి.

రెండేళ్ళ క్రిందట తరగతిలో రంగుల పేర్ల పాఠము వచ్చినది. పలక మీద వ్రాసి ఊరుకోకుండా, ఒక చెల్లెమ్మ "పసుపుతో గుడ్డ ముంచి చూపిద్దాం, పిల్లలకు గుర్తుంటుంది" అన్నది. వంటింటి పసుపు వేడినీళ్ళలో కలిపి తెల్ల నూలు గుడ్డలు ముంచినాము. బంగారము వలె వచ్చినవి. ఇంటికి పోయి సబ్బుతో ఉతికిన తల్లులు మరునాడు ఫోను చేసినారు, పసుపు గుడ్డ ఎర్రబడినదని! పెద్దవారికి ఇందులో వింత లేదు. పసుపులో సున్నము కలిపితే పారాణి అగును గదా, సబ్బులోని క్షారమూ అదే పని చేయును. నిమ్మరసము పిండితే మళ్ళీ పసుపే. ఆ వారమంతా పిల్లలు ఎన్ని నిమ్మకాయలు ఖర్చుచేసినారో వారి అమ్మలను అడగండి. కాని నాలుగు రోజుల ఎండకు ఆ రంగు వెలిసిపోయినది. మాంగుస్తీన్ తొక్కలు ఉడకబెట్టి ముంచినాము. అదీ రెండు ఉతుకులకే పోయినది.

అప్పుడు మా నాయనమ్మ అడిగిన వస్తువు ఒకటి జ్ఞాపకము వచ్చినది.

దిగువ పేరాక్ కొబ్బరి తోటలలో మన వారెక్కువ మంది విశాఖ, శ్రీకాకుళము వైపు వారు. మా నాయనమ్మది మాత్రము బందరు వైపు. పుట్టింట్లో అద్దకము పని చూచినదట. 1974లో మా ఆఖరి చెల్లెలు పుట్టినప్పుడు, బారసాలకు ఉయ్యాల గుడ్డ తన చేతితో ఎర్రగా రంగు వేస్తానన్నది. "పట్నం పోయి కరక్కాయలు పట్రా నాయనా" అని మమ్మల్ని పంపినది. మాకు పదిహేనేళ్ళు. తెలుక్ ఆన్సన్‌లో (1982 నుండి అది తెలుక్ ఇంతాన్) రెండు అంగళ్ళలో అడిగినాము. అటువంటిది లేదన్నారు. మూడవ అంగడికి పోలేదు. ఇంటికి వచ్చి, "అలాంటి కాయ ఈ దేశంలో లేదు, నువ్వు కల గన్నావు" అన్నాము. నాయనమ్మ మళ్ళీ అడగలేదు. తెల్ల గుడ్డతోనే బారసాల జరిగినది. ఆ యేడే ఆమె పోయినది.

ఈ సంగతి తరగతిలో చెప్పగా, వెనుక వరుసలోని పెద్దమ్మ ఒకరు నవ్వి, "మాస్టారూ, ఇక్కడి అంగట్లో కరక్కాయ అంటే ఎవరిస్తారు? తమిళంలో కడుక్కాయ్ అనాలి" అన్నారు. మరునాడు నాటు మందుల అంగడికి పోయినాము. గాజు సీసా నిండా ఉన్నవి, ముడుతలు పడిన గోధుమరంగు కాయలు. 1974లోనూ అవి ఏదో సీసాలో ఉండే ఉండును.

ఇక పని సంగతి. నూలుకు రంగు దానంతట అది పట్టదు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకొనును, ఆ వగరు పటికను పట్టుకొనును, పటిక రంగును పట్టుకొనును. తోళ్ళు పదును చేయుటకు వాడునదీ ఈ వగరే. పట్టుకూ ఉన్నికీ పటిక ఒక్కటే చాలును. మేము వాడిన కొలత ఇది: 100 గ్రాముల గుడ్డకు 20 గ్రాముల కరక్కాయ పొడి, 20 గ్రాముల పటిక. పటికను ఇక్కడి బజారులో తవాస్ అని అడగవలెను. ముందు గుడ్డను ఉడికించి గంజి పోగొట్టవలెను. కరక్కాయ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, జాడించకుండా పిండి ఆరవేయవలెను. తరువాత పటిక నీళ్ళలో ఒక పూట. ఆ పైన రంగు. బందరు వారు కరక్కాయలో గేదెపాలు కూడా కలుపుదురు. పాలలోని కొవ్వు వలన అద్దిన రంగు ప్రక్కకు పాకదు. గుడ్డ మొత్తము ముంచువారికి అది అక్కరలేదు.

నలుపు మరీ సులభము, వాసన ఓర్చుకుంటే. తుప్పు మేకులు, నీళ్ళు, బెల్లము కుండలో పదిహేను రోజులకు పైగా ఊరవలెను. మేము గులా మెలాకా వేసినాము. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీరు పూస్తే కళ్ళ ముందే నల్లబడును.

ఎరుపుకు బందరు వారు వాడినది చిరివేరు. సముద్రపుటొడ్డు ఇసుక నేలల్లో పెరుగు చిన్న మొక్క వేరు అది. పోర్చుగీసువారు మెలాకా పట్టుకొన్న 1511 నాటికే కోరమాండల్ తీరపు రంగు గుడ్డలు ఆ రేవులో అమ్ముడుపోవుచుండెను. అంటే మన తాతల కంటె మన గుడ్డలే ముందు వచ్చినవి! చిరివేరులోని ఎర్ర పదార్థమును 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు కృత్రిమముగా తయారుచేసినారు. ఆ సీమరంగు చవుకగా రాగా చిరివేరు సాగు పడిపోయినది. మాకు ఇక్కడ అది దొరకలేదు. మందుల అంగట్లో మంజిష్ఠ దొరికినది. దానిని కళపెళ మరిగించరాదు, మరిగిస్తే ఎరుపు మట్టిరంగులోకి తిరుగును. మొదటి గుడ్డ అట్లే పాడుచేసినాము. రెండవది బాగుగా వచ్చినది. సిందూరమంత ఎరుపు కాదు, పండిన ఇటుక వంటి ఎరుపు.

ఆ 1974 నాటి చెల్లెలు ఈ సభలోనే కూర్చున్నది. పోయిన నెల ఆమె మనుమరాలికి బారసాల. ఉయ్యాలకు ఆ ఎర్ర గుడ్డే కట్టినాము. చంటిపిల్ల దగ్గర ఉండునది కదా అని ముందుగా ఉతికి చూచినాము. మొదటి నీళ్ళలో కొంచెము ఎరుపు వదిలినది, రెండవ నీళ్ళలో వదలలేదు.

తలుపు ప్రక్క బల్ల మీద గుడ్డ ముక్కలు పెట్టినాము, వెలిసిపోయినవి కూడా. ముట్టుకొని చూడండి. కరక్కాయలు ఒక సంచి తెచ్చినాము, కావలసినవారు తీసుకొనిపోవచ్చును. సెలవు.