కాపర్ టీ: ‘కొంచెం బ్లీడింగ్’ అంటే ఎంత?

ఇవాళ్టి టాపిక్‌కి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారేమో, మీ ఇష్టం. స్పీకర్‌లో పెట్టినా నాకేం పర్లేదు, మీ అత్తగారిని కూడా విననివ్వండి.

మా పాప పుట్టాక ఇంట్లో అందరూ అన్న మాట ఒకటే: "ఇంకొకర్ని కనేసి ఆపరేషన్ చేయించేసుకో." మన దగ్గర గర్భం రాకుండా చూసుకోవడం అంటే అదే కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కాపర్ టీ వాడేవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. మగవాళ్ల ఆపరేషన్ సంగతి అడగకండి, అది ఇంకా చిన్న ఆపరేషన్, అయినా ఆ మాటెత్తితే ఇంట్లో ఫ్యాన్ శబ్దం కూడా వినబడుతుంది.

నాకు రెండో బిడ్డ ఇప్పుడే వద్దు. ఎప్పటికీ వద్దా అంటే ఇంకా అనుకోలేదు. రోజూ టాబ్లెట్ గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు, పొద్దున ఆఫీస్ కాల్‌కే మూడు అలారాలు పెట్టుకునేదాన్ని. అందుకే కాపర్ టీ వేయించుకున్నా. 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఫ్రీ. హార్మోన్లేమీ ఉండవు, రాగి వల్ల వీర్యకణాలు పనిచేయలేవు. వేసేటప్పుడు కొన్ని నిమిషాలు కడుపు పిండేసినట్టు ఉంది, అంతే.

అసలు కథ తర్వాత. "కొంచెం బ్లీడింగ్ ఎక్కువ అవుతుందమ్మా" అన్నారు. కొంచెం అంటే ఎంత? నాకు ఐదు రోజుల పీరియడ్ తొమ్మిది రోజులైంది. ఆఫీస్ కుర్చీ మీద స్వెట్టర్ పరుచుకుని కూర్చునేదాన్ని. మెట్లెక్కితే ఆయాసం. మూడో నెలలో టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 11.6 నుంచి 9.2కి పడిపోయింది. తీసేయమని వేసినచోటికే వెళ్లాను. "ఈమాత్రం ఓర్చుకోలేకపోతే ఎలా, అందరూ ఉంచుకోవట్లేదా?" అని పంపేశారు.

ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ముందు స్కాన్ చేసి కాపర్ టీ సరైన చోటే ఉందో లేదో చూశారు. ఐరన్ టాబ్లెట్లు, పీరియడ్ మొదలైన రోజు నుంచి వేసుకోవడానికి నొప్పి మాత్రలు రాశారు. ఆ మాత్రలు నొప్పినే కాదు, బ్లీడింగ్‌ని కూడా తగ్గిస్తాయట. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో సర్దుకుంటుందని చెప్పి, "ఇప్పుడే తీసేయమంటావా? ఐదు నిమిషాల పని. నీ ఇష్టం" అన్నారు. నిజం చెప్తున్నా, ఎప్పుడంటే అప్పుడు తీసేస్తారని తెలిశాకే ఉంచుకోగలిగాను. ఆరో నెలకి ఆరు రోజులకి వచ్చింది. మొదటి రెండు రోజులు ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి. నచ్చిందా అంటే సగం సగం.

ఒక్క విషయం మాత్రం ఓర్చుకోవద్దు. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు మూడు గంటలు తడిసిపోతుంటే, జ్వరం, కడుపులో భరించలేని నొప్పి, దుర్వాసన ఉంటే వెంటనే వెళ్లండి. దారం చేతికి తగలకపోయినా, పీరియడ్ రాకపోయినా అంతే, ఆ రెండింటికీ ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా చేయించాలి.

మా పిన్ని కూతురిది దీనికి పూర్తిగా రివర్స్. తను అంతర ఇంజెక్షన్ తీసుకుంది, మూడు నెలలకొకటి. మొదట్లో అప్పుడప్పుడు మరకలు, తర్వాత పీరియడ్స్ పూర్తిగా ఆగిపోయాయి. వాళ్ల అత్తగారు "చెడు రక్తం లోపలే పేరుకుపోతోంది" అని ఒకటే గోల. అలా ఏమీ పేరుకోదండీ. ఆ మందు వల్ల గర్భసంచి లోపలి పొరే మందంగా పెరగదు, రాలడానికి ఏమీ ఉండదు. తనని ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. పిల్లలు కావాలని ఇంజెక్షన్ ఆపాక తొమ్మిది నెలలు గర్భం రాలేదు. చివరి డోసు తర్వాత 7 నుంచి 10 నెలలు పట్టడం మామూలే. ఆ ఒక్క ముక్క ముందే చెప్పుంటే తను అన్ని రాత్రులు ఏడ్చేది కాదు. ఏడాదిలో బిడ్డ కావాలనుకుంటున్నవాళ్లు మొదటి రోజే ఇది అడగండి.

హార్మోన్ ఉన్న లూప్ కూడా ఉంది. దాంతో మొదటి కొన్ని నెలలు మరకలు పడినా తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గుతుంది. ముందునుంచే పీరియడ్స్ ఎక్కువ ఉన్నవాళ్లకి డాక్టర్లు దాన్నే చెప్తుంటారు. బయట కొంటే వేలల్లో ఖర్చు. నా హిమోగ్లోబిన్ మళ్లీ పడితే నేనూ దానికే మారతాను.

వీటిలో ఏదీ సుఖవ్యాధుల్ని ఆపదు, దానికి కండోమే. చేతికి పెట్టే ఇంప్లాంట్ వాడినవాళ్లెవరైనా వింటుంటే మెసేజ్ చేయండి, ఆ ఎపిసోడ్‌లో మీ అనుభవం చదువుతాను. పేరు చెప్పను.