త్రివిధ ప్రమాణములు: రిచర్డ్ హుకర్ ధర్మవిచారము



దైవవాక్కును శ్రద్ధతో చదువుట యెంత అవసరమో, చదివినదానిని గూర్చి నిర్భయముగ విచారించుటయు నంతే అవసరమని నమ్మినవారి స్మృతికి అంకితమైన ఉపన్యాస వేదిక యిది. అందుచేతనే క్రైస్తవ లోకమును శతాబ్దములుగ కలత పెట్టుచున్న యొక ప్రశ్నను మీ సమక్షమున విచారింప సాహసించుచున్నాను. దేవుని చిత్తమెరుగుటకు మనుష్యునికి పరిశుద్ధ గ్రంథమొక్కటియే ప్రమాణమా? పూర్వులనుండి వచ్చిన పారంపర్యాచారమునకును, సృష్టియందును మానవబుద్ధియందును ప్రకాశించు ప్రకృతిధర్మమునకును అందు స్థానమేమైన కలదా?

ప్రమాణవిచారము మన దేశమునకు క్రొత్తది కాదు. వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి అను నాల్గింటిని మనుస్మృతి ధర్మమునకు ఆధారములుగ పేర్కొన్నది. వానికి పరస్పర విరోధము తోచినపుడు దేనికి బలమధికమని మీమాంసకులు తరతరములు తర్కించిరి. క్రైస్తవ లోకమున నీ చిక్కు పదునారవ శతాబ్దమున మిక్కిలి తీవ్రరూపము దాల్చినది. 1521లో వర్మ్స్ నగరమందు చక్రవర్తి యెదుట నిలిచిన మార్టిన్ లూథరు, లేఖనములచేతగాని స్పష్టమైన యుక్తిచేతగాని తన దోషము నిరూపింపబడిననే తప్ప తన వ్రాతలను ఉపసంహరింపజాలనని చెప్పెను. 1546లో రోమను కతోలిక సంఘపు ట్రెంటు మహాసభ, లిఖిత గ్రంథములను, అపొస్తలులనుండి సంక్రమించిన అలిఖిత సంప్రదాయములను సమానమైన భక్తితో స్వీకరింపవలెనని శాసించెను. ఈ రెండు ఘట్టములును జగద్విదితములు. వానికంటె తక్కువ ప్రసిద్ధమైనను, మన ప్రశ్నలోని మూడంగములను ఒక్కచోట చూపు మరియొక ఘట్టమును నేను నేడు ఎన్నుకొనుచున్నాను.

లండను నగరమున న్యాయవాదుల నివాసములకు చేరియున్న టెంపుల్ దేవాలయమునకు 1585లో రిచర్డ్ హుకర్ అధిపతిగ నియుక్తుడయ్యెను. ఎక్సెటర్ పట్టణపు చెంత 1554లో సామాన్య కుటుంబమున జన్మించి, జాన్ జ్యూయెల్ అను బిషప్పు ప్రాపున ఆక్స్‌ఫర్డున విద్య నభ్యసించిన ఈ పండితుడు స్వభావముచేత శాంతుడు, వివాద విముఖుడు. ఆ దేవాలయముననే మధ్యాహ్న ప్రసంగములు చేయు వాల్టర్ ట్రావర్సు, ఇంగ్లండు సంఘము బిషప్పులకు బదులు పెద్దల సభలచే పాలింపబడు జెనీవా పద్ధతిని సమగ్రముగ నవలంబింపవలెనను ప్యూరిటనులలో అగ్రగణ్యుడు. ఉదయమున హుకరు స్థాపించిన సిద్ధాంతమును మధ్యాహ్నమున ట్రావర్సు ఖండించుచుండ, వాదప్రతివాదములే వృత్తిగా గల శ్రోతలు ఉభయుల వాదములను సావధానముగ వినుచుండిరి. 1586లో ఆర్చిబిషప్ విట్‌గిఫ్టు ట్రావర్సును ప్రసంగింపకుండ నిషేధించెను. కాని నిషేధము వాదమునకు సమాధానము కాదని హుకరు గ్రహించెను. ఆ సమాధానమే సంఘవ్యవస్థా ధర్మములను గూర్చిన ఆయన మహాగ్రంథము. ఎనిమిది భాగములుగ సంకల్పించిన ఆ గ్రంథమున తొలి నాలుగును 1593లోను, అయిదవది 1597లోను వెలువడినవి. 1600లో హుకరు మరణించిన పిమ్మట అనేక సంవత్సరములకుగాని తక్కిన మూడును అచ్చుకాలేదు.

ప్యూరిటనుల పక్షమును మనము తేలికగ త్రోసివేయరాదు. రాజాజ్ఞయే మతాజ్ఞగ చెలామణియగు కాలమున, రాజుకంటెను బిషప్పుకంటెను పైనున్న ప్రభువొకడు కలడని, ఆయన మాట గ్రంథస్థమై సామాన్యుని చేతికి వచ్చినదని వారు చాటిరి. ఆరాధనలో తెల్లని అంగీ ధరించుట, బాప్తిస్మమందు శిశువు నొసట సిలువ గుర్తు వేయుట, వివాహమందు ఉంగరము తొడుగుట, ప్రభువు సంస్కారమును మోకరించి స్వీకరించుట, ఇవి లేఖనములలో ఎచ్చట విధింపబడినవని వారడిగిరి. ఈ మతమునకు పెద్ద దిక్కైన థామస్ కార్ట్‌రైట్ తన బోధల నిమిత్తము 1570లో కేంబ్రిడ్జి ఆచార్యపదవిని కోల్పోయెను. విశ్వాసమూలము కానిది పాపమని పౌలు రోమీయులకు వ్రాసెను గదా, విశ్వాసమునకు దేవుని వాక్యమే ఆధారము గదా, కనుక వాక్యాధారము లేని ప్రతి క్రియయు పాపమే యని ఆయన యుక్తి.

హుకరు ప్రత్యుత్తర మీ యుక్తిలోని మధ్యపదమును పట్టుకొనును. నమ్మకమునకు లిఖిత వాక్యమొక్కటియే ద్వారమా? తన మాటను నమ్మనివారిని తన క్రియలనైనను నమ్ముడని క్రీస్తు చెప్పలేదా? తోమా కన్నులార చూచి నమ్మలేదా? ఇంద్రియములచేతను బుద్ధిచేతను మనుష్యునికి కలుగు నిశ్చయము కూడ దేవుడనుగ్రహించినదే. గడ్డిపరక నెత్తుటకు సైతము లేఖనవిధిని వెదకవలసివచ్చినచో, దుర్బలమైన మనస్సాక్షికి అడుగడుగున ఉరియే తప్ప విశ్రాంతి యెక్కడిది? అంతేకాదు, ఇవి దేవుని గ్రంథములని మొట్టమొదట మనకు తెలిపినది తరతరములుగ సాక్ష్యమిచ్చుచున్న సంఘము. వాని యర్థమును వివేచించునది బుద్ధి. ఆ రెండింటిని పూర్తిగ నిరాకరించినవాడు గ్రంథమును చేరు త్రోవనే మూసికొనుచున్నాడు.

ఈ ఖండనకు వెనుకనున్న నిర్మాణము ఇంకను గంభీరము. ధర్మమనగా బలవంతుని ఆజ్ఞయని హుకరు తలపలేదు. మధ్యయుగ వేదాంతి థామస్ అక్వినాసు ననుసరించి, సమస్త ధర్మమునకు దేవుని స్వభావమే మూలమని, ఆయన తన క్రియలకు తానే యేర్పరచుకొనిన శాశ్వత నియమమునుండి తక్కినవన్నియు ప్రవహించుచున్నవని ఆయన ప్రతిపాదించెను. గ్రహగతులను నడపు ప్రకృతి నియమము, దేవదూతల విధేయత, మానవుని బుద్ధికి గోచరించు నీతి, గ్రంథమున వెల్లడియైన దైవవిధి, సమాజములు చేసికొను కట్టుబాట్లు, ఇవన్నియు నొక్క శాసనకర్తనుండి వెలువడిన భిన్న శాసనములు. కనుక ప్రకృతి లేఖనమునకు ప్రత్యర్థి కాదు. లేఖనమే మనలను ప్రకృతియొద్దకు పంపుచున్నది: సామెతల గ్రంథము సోమరిని చీమయొద్దకు పొమ్మనును, కీర్తనకారుడు ఆకాశము దేవుని మహిమను వివరించుచున్నదని పాడును, ప్రభువు అడవిపువ్వులను ఆకాశపక్షులను చూపి బోధించెను, ధర్మశాస్త్రము లేని జనులును స్వభావముచేత ధర్మమును నెరవేర్చుట కలదని పౌలు అంగీకరించెను.

అయినచో మూడింటికిని సమానమైన బలమా? హుకరు బోధను మూడు కాళ్ల పీటతో పోల్చుట లోకమున వాడుక. కాని ఆ యుపమానము ఆయన గ్రంథమున లేదు, ఆయన సిద్ధాంతమునకు సరిపడదు కూడ. అయిదవ భాగమున ఆయన క్రమమును తేటగ నిర్ణయించెను. లేఖనము స్పష్టముగ చెప్పినదానికి ప్రథమ స్థానము. బుద్ధిబలముచే అనివార్యముగ సిద్ధించునది దాని తరువాతిది. ఆ పిమ్మటనే సంఘముయొక్క వాణి. రక్షణకు కావలసినదంతయు లేఖనమున పరిపూర్ణముగ నున్నది, దానికి సంప్రదాయము చేర్చవలసినదేమియు లేదు. కాని యే ప్రయోజనమునకై అది యీయబడినదో దానికి మించిన భారమును దానిపై మోపినచో, అది నిజముగ చెప్పుచున్నదానియందు సైతము జనులకు గౌరవము సన్నగిల్లునని ఆయన హెచ్చరించెను. నా మట్టుకు ఈ విచారమంతటిలో సారభూతమైన వాక్య మిదియే. గ్రంథమును ఖగోళశాస్త్రముగను, రాజ్యాంగముగను, వేషధారణ నియమావళిగను చదువువారు దాని కీర్తిని పెంచుచున్నామనుకొందురు. వాస్తవమునకు దాని గొంతును తమ గొంతుతో కప్పివేయుచున్నారు.

ఐనను హుకరు పక్షమును కూడ పరీక్షింపక విడువరాదు. ఆయన తొలి నాలుగు భాగములు వెలువడిన 1593లోనే, రాజసంఘమును నిరాకరించిన హెన్రీ బారో, జాన్ గ్రీన్‌వుడ్, జాన్ పెన్రీ అనువారు ఉరితీయబడిరి. వ్యవస్థను సమర్థించు తర్కమెంత మధురమైనను, ఆ వ్యవస్థ చేతిలో ఉరిత్రాడున్నప్పుడు దానిని ప్రశ్నించు అధికారము గ్రంథమునకు ఉండితీరవలెను. మన దక్షిణదేశమున ఇంతకంటె దగ్గరి నిదర్శనము కలదు. క్రైస్తవ దేవాలయములలో కులభేదములను పాటించుటను పూర్వాచారమనియు, లోకస్వభావమనియు సమర్థించినవారుండిరి. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఆ భేదములను తక్షణము విడనాడవలెనని ఆజ్ఞాపించినపుడు తంజావూరు ప్రాంతమున తీవ్ర ప్రతిఘటన చెలరేగినది. ఒకే రొట్టెలో పాలుగొనువారందరు ఒకే శరీరమను వాక్యమునెదుట ఏ ఆచారమును, ఏ ప్రకృతివాదమును నిలువజాలదు. ఇచ్చట ప్రథమ స్థానము లేఖనమునకు ఎందుకుండవలెనో మనకు తేటపడుచున్నది: ఆచారమునకు తన్ను తాను విమర్శించుకొను శక్తి అరుదు, ప్రకృతి పేర బలవంతుడు తన అలవాటునే చాటుకొనవచ్చును.

ఆచారమునకు మాత్రము న్యాయమైన స్థానము లేదా? కలదు, అది మార్పునకు లోబడియుండు స్థానము. రక్తమును, గొంతుపిసికి చంపినదానిని విసర్జింపుడని యెరూషలేమున అపొస్తలుల సభ చేసిన నిర్ణయము సైతము, దాని కారణము గతించిన పిదప పాశ్చాత్య సంఘములలో సడలినది. ప్రయోజనమునుబట్టి విధి నిలుచును, ప్రయోజనము తీరినపుడు మారును. ఈ సూత్రమునే హుకరు మూడవ భాగమున విస్తరించెను. తెలుగు దేశమున దీని ఫలమును కన్నులార చూడవచ్చును. ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషప్పుగ 1912లో అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్లున కట్టించి, 1939లో ప్రతిష్ఠించిన దేవాలయము హిందూ, ముస్లిం శిల్పరీతులను క్రీస్తు ఆరాధనలో మేళవించినది. తెలుగు క్రైస్తవ వివాహములనేకమందు వధువు మెడలో మంగళసూత్రము కట్టబడుచున్నది. ఉంగరము నిమిత్తము ఇంగ్లండున జరిగిన వివాదము నెరిగినవారికి, లేఖనము విధింపనిదియు నిషేధింపనిదియునగు సదాచారము ఒక జాతి జీవితమున ఎట్లు విశ్వాసమునకు వస్త్రమగునో ఇక్కడ బోధపడును.

అజరయ్య మరియొక స్వప్నము కూడ కనెను. 1919లో ట్రాంకెబారున ఆయనయు మిత్రులును ప్రారంభించిన ఐక్యతా ప్రయత్నము, ఆయన 1945లో కన్నుమూసిన పిదప, 1947 సెప్టెంబరు 27న మద్రాసున దక్షిణ ఇండియా సంఘముగ ఫలించినది. హుకరు సమర్థించిన బిషప్పుల వ్యవస్థకు వారసులైన ఆంగ్లికనులును, కార్ట్‌రైట్, బారోల మార్గములకు వారసులైన ప్రెస్బిటేరియనులును, కాంగ్రిగేషనలిస్టులును, వారితోపాటు మెథడిస్టులును ఒకే సంఘమైరి. లేఖనములు విశ్వాసమునకు పరమప్రమాణమని అందరును ఒప్పుకొనిరి. బిషప్పుల పరంపరను రాజ్యాంగబద్ధమైన రూపమున అందరును స్వీకరించిరి. టెంపుల్ దేవాలయమున ఉదయమును మధ్యాహ్నమును విడిపోయిన రెండు వాణులు మూడు శతాబ్దములు దాటిన పిమ్మట మన గడ్డపై ఒక్క ప్రార్థనగ కలిసినవి.

కావున యువమిత్రులకు నా విన్నపమిది. ఏదేని వివాదము తలయెత్తినపుడు, వాక్యము స్పష్టముగ పలికినచోట నోరు మెదపక లోబడుడు. పలుకనిచోట, పలికినదని నటింపకుడు. బుద్ధిని దేవుని వరముగ వినియోగింపుడు. పూర్వుల ఆచారమును కృతజ్ఞతతో స్వీకరింపుడు, అది సోదరుని అవమానించినపుడు నిస్సంకోచముగ త్యజింపుడు. ఈ క్రమమును పాటించు సంఘమున ప్రశ్న ద్రోహము కానేరదు, విధేయత దాస్యము కానేరదు.